కొల్లేటి లెక్క

జనవరి రెండు, మూడు వారాల్లో కొల్లేటి గట్ల మీద తెల్లవారకముందే కొందరు మనుషులు కనిపిస్తారు. మెడలో బైనాక్యులర్, భుజాన ముక్కాలి స్టాండు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. ఆటపాక, గుడివాకలంక, కొల్లేటికోట, ప్రత్తికోళ్లలంక వైపు తలా ఒక దారిన విడిపోతారు. వెలుగు వచ్చేసరికి ఎవరి చోట వాళ్లు కుదురుకుని నీటివైపు చూస్తూ నిలబడతారు. పెదవులు కదులుతుంటాయి. అప్పుడప్పుడు కాగితం మీద ఒక అంకె పడుతుంది. దూరం నుంచి చూసేవారికి అది పనిలా కూడా అనిపించదు.

ఆసియా నీటిపక్షుల గణన అంటే ఇదే. భారత ఉపఖండంలో 1987లో మొదలైంది. 1967 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ నీటిపక్షుల గణనలో ఇదొక భాగం. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, వెట్లాండ్స్ ఇంటర్నేషనల్ కలిసి నడిపిస్తాయి. లెక్కపెట్టేవారిలో చాలామంది జీతం లేకుండా వచ్చినవారే. చెరువుల రక్షణ గురించి మాట్లాడుకునేటప్పుడు చట్టాలు, కోర్టు తీర్పులు, కూల్చిన గట్లు మన నోట నలుగుతాయి. వాటన్నిటికీ అడుగున ఈ మనుషులు రాసిన అంకెలున్నాయి. ఆ అంకె ఎంత ఓపికతో, ఎంత నైపుణ్యంతో పుడుతుందో దగ్గరగా చూపించాలనే ఈ ప్రయత్నం.

ముందు ఆ నీటి సంగతి కొంచెం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నేల పళ్లెంలా కాస్త కుంగిన చోట కొల్లేరు నిలిచింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో కాలువలు, మురుగు డ్రెయిన్లు ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు ఇన్ని, పోయే దారి ఒకటి కావడం వల్ల వరద రోజుల్లో రెండు డెల్టాల నీటినీ కొంతకాలం తన దగ్గర ఆపుకునే పని కొల్లేటిది. లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. అందుకే తామర, కలువ, కిక్కిస, తూటి, ఇప్పుడైతే గుర్రపుడెక్క అంతటా అల్లుకుంటాయి. లెక్కపెట్టేవాడికి సవాలు అక్కడే మొదలవుతుంది. పక్షుల్లో సగం కనిపించేలా ఉంటాయి, సగం ఆకుల చాటున ఉంటాయి.

మనిషి కన్ను నాలుగింటిదాకా లెక్కపెట్టకుండానే పోల్చుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా పోవాలి. యాభై నీటికాకులు కొయ్యల మీద రెక్కలారబెట్టుకుంటుంటే ఒక్కొక్కటి లెక్కించవచ్చు. నీటి మీద రెండు వేల బాతులు కదులుతూ, మునుగుతూ, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటుంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాడు ముందుగా గుంపు అంచున పది పక్షుల్ని వేరు చేసి, కచ్చితంగా లెక్కపెడతాడు. ఆ పదీ నీటి మీద ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టిస్తాడు. అంత చోటును పక్కపక్కనే పరుస్తూ వంద దాకా పోతాడు. ఇప్పుడు వంద ఎంత చోటో తెలిసింది కాబట్టి ఆ వందను కొలగా పట్టుకుని గుంపు చివరి దాకా నడుస్తాడు. వినడానికి సులువు. కాని దగ్గరి పక్షులు దూరదూరంగా, వెనకవి కిక్కిరిసి కనిపిస్తాయి. గట్టు ఎత్తు తక్కువైతే ముందు వరుస వెనక వరుసను కప్పేస్తుంది. అంచున పట్టిన కొలతను మధ్యలో అలాగే వాడితే లెక్క తప్పుతుంది. అందుకని నిపుణుడు కొలతను మూడుచోట్ల తీసుకుంటాడు, అంచున ఒకసారి, నడుమ ఒకసారి, దూరపు కొసన ఒకసారి.

పెద్ద గుంపుల్ని చూసినప్పుడు మనుషులు సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తారు. ఎక్కువ వేస్తామేమోనని భయపడతాం గాని, జరిగేది దానికి ఎదురు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంటి దగ్గర సాధన చేస్తారు. బల్ల మీద గుప్పెడు బియ్యపు గింజలు చల్లి, ఒక్క చూపు చూసి అంకె చెప్పి, తర్వాత ఏరి లెక్కపెట్టి, ఎంత తప్పామో రాసుకుంటారు. వారాల తరబడి చేస్తే తన కన్ను ఎటు ఒరుగుతుందో తనకు తెలిసిపోతుంది. సంగీతకారుడి సాధన గురించి మనం ఎంతో గౌరవంగా మాట్లాడతాం. బియ్యపు గింజల ముందు కూర్చున్న ఈ మనిషి సాధనా ఆ గౌరవానికి తగినదే అని నా నమ్మకం.

గుంపులో ఒకే జాతి ఉంటే అదృష్టం. కొల్లేటిలో ఆ అదృష్టం అరుదు. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, ఈలబాతులు, బొల్లికోళ్లు అన్నీ కలిసి తేలుతుంటాయి. అప్పుడు పనిని రెండుగా విడదీస్తారు. మొదట జాతులు పట్టించుకోకుండా మొత్తం ఎంతో తేల్చుకుంటారు. తర్వాత టెలిస్కోపును గుంపులో వేర్వేరు చోట్ల ఆపి, కంటికి ఆనిన వలయంలో ఏ జాతి ఎన్ని ఉన్నాయో రాసుకుంటారు. అలా పది పదిహేను వలయాలు చూశాక వాటి నిష్పత్తిని మొత్తానికి వర్తింపజేస్తారు. ఎంత చూసినా పోల్చుకోలేనివి కొన్ని మిగులుతాయి. ఎండకు ఎదురుగా నల్లగా కనిపించేవి, తల రెక్కలో దాచుకుని నిద్రపోయేవి. వాటికోసం ఫారంలో గుర్తించని బాతులు అని ఒక వరుస ఉంటుంది. నాకు ఆ వరుస మీద ప్రత్యేకమైన గౌరవం. అనుభవం లేనివాడు అక్కడ సున్నా పెట్టి, ఉన్నవాటన్నిటికీ ఏదో ఒక పేరు తగిలిస్తాడు. చేయి తిరిగినవాడి కాగితంలో ఆ వరుసలో తప్పకుండా ఒక అంకె ఉంటుంది.

సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకోవడం, గాలి లేని పొద్దు చూసుకోవడం, ఒకే గుంపును రెండు చోట్ల ఇద్దరు లెక్కపెట్టకుండా ముందే హద్దులు పంచుకోవడం, ఎగిరిపోయిన గుంపు ఎటు వెళ్లిందో, ఎన్ని గంటలకు వెళ్లిందో రాసుకుని సాయంత్రం సరిచూసుకోవడం కూడా పనిలో భాగమే. గద్ద ఒకటి చెరువు మీదికి వచ్చిందంటే ఆకుల చాటున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అప్పటిదాకా ఉన్నాయని కూడా తెలియని వందలు గాలిలో తేలతాయి. కొత్తవాడు నోరు తెరుచుకుని చూస్తుండిపోతాడు. పాతవాడు ఆ అర నిమిషంలోనే గుంపును అంచులుగా, నడుముగా కోసి లెక్కపెట్టేస్తాడు. ఎగిరే గుంపులో ముందు కొస పల్చగా, మధ్య దట్టంగా ఉంటుందని అతనికి తెలుసు.

ఫారంలో పక్షుల అంకెలే కాదు, చెరువు ఎంత నిండి ఉంది, పూర్తిగా చూశారా కొంతే చూశారా, నడిచి చూశారా పడవ మీద చూశారా, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎప్పుడు ముగించారు, కలుపు ఎంత ఉంది, వేట, ఆక్రమణ, మురుగు ఏవైనా కనిపించాయా అన్నవీ రాయాలి. చాలామంది వీటిని విసుగ్గా నింపుతారు. పదేళ్ల తర్వాత ఆ అంకెను చదివేవాడికి మాత్రం ఇవే ప్రాణం. గత ఏడాది పది వేల బాతులు, ఈ ఏడాది నాలుగు వేలు అని ఉంటే, పక్షులు తగ్గాయా, లేక ఈసారి సగం చెరువే చూశారా? ఆ చిన్న గడి నింపి ఉంటేనే చెప్పగలం. ఎండిపోయిన చెరువుకు వెళ్లి, ఒక్క పక్షీ లేదని చూసి, సున్నా రాసి వచ్చినవాడి పనికీ అంతే విలువ. ఆ సున్నా లేకపోతే ఆ ఏడు ఎవరూ వెళ్లలేదేమో అనుకుంటారు.

జనవరినే ఎందుకు ఎంచుకున్నారంటే, ఉత్తరాన ఆర్కిటిక్ తీరాల నుంచి హిందూ మహాసముద్రం దాకా ముప్పై దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గంలో వచ్చే పక్షులు అప్పటికి శీతాకాలపు నెలవుల్లో కుదురుకుని ఉంటాయి. అటూ ఇటూ తిరగడం తక్కువ. ఎన్నో దేశాల్లో ఒకే పక్షం రోజుల్లో లెక్కపెడితే ఒకే పక్షిని రెండు దేశాలు లెక్కలో వేసుకునే ప్రమాదం తగ్గుతుంది. ఆటపాక గట్టు మీద నిలబడ్డ మనిషి రాసిన అంకె, ఆ పక్షం రోజుల్లోనే ఎక్కడో ఇంకో దేశంలో, ఇంకో భాషలో రాసిన అంకెతో కలిసి ఒక మొత్తం అవుతుంది.

ఆ మొత్తం ఏం చేస్తుందో కొల్లేరే సాక్ష్యం. 1971లో ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక చిత్తడి నేలను అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా గుర్తించడానికి కొన్ని ప్రమాణాలున్నాయి. వాటిలో రెండు పూర్తిగా పక్షుల లెక్క మీదే నిలబడినవి. ఒకటి, అక్కడ ఇరవై వేలకు తగ్గకుండా నీటిపక్షులు ఉండాలి. రెండోది, ఏదైనా ఒక నీటిపక్షి జాతి జనాభాలో నూటికి ఒక వంతు అక్కడ ఉండాలి. ఒక్క ఏడు వస్తే చాలదు. చాలినంత సమాచారం ఉన్న రుతువుల్లో మూడింట రెండు వంతుల్లో రావాలి, లేదా కనీసం ఐదేళ్ల గరిష్ఠాల సగటు ఆ అంకెను అందుకోవాలి. అంటే ఒక గొప్ప రోజున ఒక గొప్ప పరిశోధకుడు వచ్చి చూసి వెళ్లినా చెల్లదు. ఏటేటా ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి. 2002 ఆగస్టులో కొల్లేరు రాంసర్ జాబితాలో చేరింది. ఇలాంటి జాబితాల వెనక పేర్లు తెలియని వందల ఉదయాల పని ఉంటుంది.

గూడబాతు కథ ఇంకా ముచ్చటైనది. పెద్ద ముక్కు, దాని కింద సంచి, బూడిద రంగు ఒళ్లు ఉన్న ఈ పక్షి ఇప్పుడు కొల్లేటికి గుర్తుగా మారింది. ఇది ఎక్కడెక్కడ గూళ్లు కడుతోందో పక్షిశాస్త్ర లోకానికి సరిగా తెలియని రోజుల్లో, 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో వీటి గూళ్ల కాలనీని గుర్తించారు. తర్వాతి కాలంలో ఇందుచూడన్ అనే పేరుతో మలయాళీలకు పక్షుల గురించి రాసి, ఒక తరానికి పక్షుల్ని చూడడం నేర్పింది ఆయనే. ఆరేడులో చూసినదాన్ని 1949లో బొంబాయి సొసైటీ పత్రికలో వివరంగా అచ్చు వేయించారు. ఊళ్లోవాళ్లకు ఆ పక్షులు ఎప్పుడూ తెలిసినవే. ఆయన చేసిందల్లా తేదీతో, చోటుతో కాగితం మీదికి ఎక్కించడం. అది చిన్న పని కాదు. 1970ల్లో ఆ ప్రాంతపు గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. నాగులు, జె.వి. రమణారావు దక్షిణాదిలో మిగిలిన గూడబాతుల కాలనీలన్నీ తిరిగి చూసి 1983లో వివరాలు ప్రచురించారు. ఇవాళ ఆటపాకలో అటవీ శాఖ పెంచిన చెట్ల మీదా, నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు గూళ్లు కడుతుంటే, ఇది కొత్తగా వచ్చిన పక్షి కాదు, పోయి తిరిగొచ్చిన పక్షి అని మనం చెప్పగలుగుతున్నాం. 1949 నాటి ఆ పుటలే అందుకు ఆధారం.

గూళ్లను లెక్కపెట్టడం వేరే విద్య. గూడబాతులు మేతకు పోతూ వస్తూ ఉంటాయి కాబట్టి పొద్దున ఉన్నన్ని మధ్యాహ్నం ఉండవు. గూడు మాత్రం కదలదు. అందుకని పెద్ద పక్షుల్ని వదిలేసి, పక్షి కూర్చుని ఉన్న గూళ్లను, పిల్లలున్న గూళ్లను లెక్కిస్తారు. ఎప్పుడూ అదే చోట నిలబడి, అదే చెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కో చెట్టుకూ విడిగా రాస్తారు. దగ్గరికి పోతే పక్షులు లేచిపోయి గుడ్లు ఎండకు మిగిలిపోతాయి, కాకులు తన్నుకుపోతాయి. గూటికి మూడు నాలుగు గుడ్లు, నెల రోజుల పొదుగు, ఆపైన పిల్లలు ఎగరడానికి నెలలు. ఆ కాలమంతా దూరం పాటించాలి. ఎంత దూరం నుంచి చూస్తే పక్షి తల తిప్పకుండా ఉంటుందో అంత దూరంలో ఆగడం, అక్కడి నుంచే చూడగలిగినంత చూడడం, చూడలేనిదాన్ని వదిలేయడం ఈ పనిలోకెల్లా నేను మెచ్చే క్రమశిక్షణ.

కొల్లేటిని కాపాడే రెండో పనితనం పక్షులతో సంబంధం లేనిది. అది సర్వేయర్లది. 1999 అక్టోబరులో ప్రభుత్వం కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దును ఎత్తుతో చెప్పింది. సగటు సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున గీసిన కాంటూరు రేఖ లోపల ఉన్నదంతా అభయారణ్యం, 308 చదరపు కిలోమీటర్లు. కొల్లేటి పరిసరాల్లో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా "ప్లస్ ఐదు", "ప్లస్ మూడు" అన్న మాటలు వినపడతాయి. రైతులు, మత్స్యకారులు, నాయకులు అందరూ ఆ భాషలోనే వాదించుకుంటారు.

నేల ఇంత చదునుగా ఉన్నచోట ఎత్తును కొలవడం ఎంత సున్నితమైన పనో ఒక్క లెక్క చెబుతుంది. ప్లస్ ఐదు దగ్గర 308 చదరపు కిలోమీటర్లు ఉన్న కొల్లేరు ప్లస్ పది దగ్గర 901 చదరపు కిలోమీటర్లు అవుతుంది. ఐదు అడుగులు పైకి పోతే దాదాపు ఆరు వందల చదరపు కిలోమీటర్లు పెరిగింది. అంటే కొలతలో అంగుళాల తేడా వచ్చినా నేల మీద గీత ఎంతో దూరం జరిగిపోతుంది, ఒకరి చేను లోపలికీ, ఒకరి చెరువు బయటికీ. సర్వేయరు ఎత్తు తెలిసిన బెంచ్ మార్క్ రాయి దగ్గర మొదలవుతాడు. లెవెల్ యంత్రం నిలబెట్టి, వెనక స్టాఫ్ అనే కొలబద్ద మీద ఒక చూపు, ముందు స్టాఫ్ మీద ఒక చూపు, రెండింటి తేడా రాసుకుని ముందుకు జరుగుతాడు. యంత్రం నుంచి రెండు స్టాఫులూ దాదాపు సమాన దూరంలో ఉండేట్టు చూస్తాడు. యంత్రంలో ఏదైనా చిన్న ఒరుగుబాటు ఉంటే రెండువైపులా సమానమై కొట్టుకుపోతుందని. రోజంతా అలా నడిచి, చివరికి మొదలైన రాయి దగ్గరికే తిరిగి రావాలి. రాసుకున్న తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి. రాకపోతే ఆ మిగులు ఎంతో చూస్తాడు, హద్దు మీరితే ఆ రోజు పని మళ్లీ మొదటికి. తన తప్పును తనే పట్టుకునే ఏర్పాటు పని లోపలే ఉంది.

2006లో అభయారణ్యం లోపల తవ్విన చేపల చెరువుల గట్లను కొట్టేసినప్పుడు, ఆ తర్వాత హద్దును ప్లస్ మూడుకు తగ్గించాలన్న డిమాండు లేచినప్పుడు, పరిశీలనకు వచ్చిన అజీజ్ కమిటీ ప్లస్ ఐదే ఉండాలని చెప్పినప్పుడు, అందరూ పట్టుకుని మాట్లాడింది ఆ గీతనే. కొల్లేటి మనుషుల బతుకు బాధలు నిజమైనవి. నష్టపరిహారం, పట్టా భూముల ప్రశ్నలు న్యాయమైనవి. వాటికి జవాబు గీతను జరపడంలో లేదని నా గట్టి అభిప్రాయం. గీత కిందికి దిగినా వరద తన ఎత్తుకే వస్తుంది. బుడమేరు 2024 సెప్టెంబరులో పొంగి విజయవాడను ఎలా ముంచిందో చూశాక, ఆ నీరు చేరే కొల్లేటిలో చోటు తగ్గించే మాట ఎత్తడానికి జంకాలి.

ఉపగ్రహాలు ఉండగా ఇవన్నీ ఎందుకు అని అడిగేవారున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం లాంటి సంస్థల దగ్గర కొల్లేటి చిత్రాలు దశాబ్దాలవి ఉంటాయి. కంటికి కనపడని పరారుణ కాంతిలో చూస్తే నీరు నల్లగా, మొక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. దాన్ని బట్టి నీరెక్కడో గీసేయవచ్చు. ఇక్కడే చిక్కు. గుర్రపుడెక్క కప్పేసిన నీరు ఆకాశం నుంచి పచ్చిక బయలులా కనిపిస్తుంది. చేపల చెరువులో నీరు సరస్సులో నీరులాగే నల్లగా కనిపిస్తుంది. ఒకటి నీరై ఉండి నీరు కానట్టు, ఇంకొకటి సరస్సు కాకుండానే సరస్సైనట్టు లెక్కలోకి వస్తాయి. మంచి విశ్లేషకుడు తిన్నటి గట్లను, చతురస్రపు మూలలను వెతుకుతాడు. ప్రకృతి అంత తిన్నగా గీయదు కాబట్టి. అయినా సందేహం మిగిలితే ఎవరో ఒకరు దోనె వేసుకుని అక్కడికి పోయి చూడాల్సిందే. ఉపగ్రహం కొల్లేరు ఎంత ఉందో చెబుతుంది. అందులో ప్రాణం ఎంత ఉందో గట్టు మీది మనిషే చెప్పాలి.

నీటి లోపలి సంగతి చెప్పే పనివాళ్లు ఇంకొందరున్నారు. 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ కళాశాలల ప్రయోగశాలల్లో, పడవల మీద నడుస్తోంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతో తేల్చడానికి. సన్నని మూతి గాజు సీసాను నీళ్లలో ముంచి, ఒక్క బుడగ కూడా లోపల మిగలకుండా నింపి మూత పెట్టాలి. బుడగ మిగిలితే దానిలోని గాలి లెక్కను పాడుచేస్తుంది. అక్కడికక్కడే మాంగనీసు లవణం, క్షారంతో కలిపిన అయొడైడు వేస్తే, ఆక్సిజన్ ఉన్నకొద్దీ గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం వేయగానే మడ్డి కరిగి సీసా అంతా బంగారు రంగు. తర్వాత బొట్టు బొట్టుగా థయోసల్ఫేటు వేస్తూ, చివర్లో గంజి కలిపితే ముదురు నీలం. ఇంకొక బొట్టు, ఇంకొక బొట్టు, ఒక్కసారిగా రంగు మాయం. ఆ చివరి బొట్టు దగ్గర చేయి ఆగాలి. రెండు బొట్లు ఎక్కువ పడితే చెరువు ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఇక్కడా వేళే కీలకం. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం ఎండకు ఆక్సిజన్ పొంగుతుంది. రాత్రంతా అదే నాచు ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం రెండింటికి తీసిన సీసా ఒక కథ, తెల్లవారుజామున తీసిన సీసా ఇంకో కథ చెబుతుంది. నిజం కావాలంటే చలిలో లేచి పోవాలి. చెరువు నీటిని ఇలా పరిశీలించడం మనకు కొత్త కాదు. ఉస్మానియాలో ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల్లోని నాచు జాతుల మీద చేసిన పని 1964లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. అప్పటి చెరువు నీళ్లు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇవాళ్టి పరిశోధకులకు అలాంటి పనులే దిక్కు.

మంచి లెక్క, లెక్కపెట్టినవాడికి ఇష్టం లేని మాట కూడా చెప్పగలగాలి. దానికి భరత్‌పూర్ కియోలాదేవ్ కన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. రాజస్థాన్‌లో ఇరవైతొమ్మిది చదరపు కిలోమీటర్ల ఆ పక్షుల వనంలో పశువుల మేత ఆపాలన్నది అప్పటి ప్రకృతి ప్రేమికుల గట్టి నమ్మకం. 1982లో నిషేధించారు. ఊళ్లవాళ్లు ఎదురుతిరిగారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే కాలంలో వి.ఎస్. విజయన్ నాయకత్వంలో బొంబాయి సొసైటీ బృందం 1980 నుంచి పదేళ్లపాటు అక్కడి నీటిని, గడ్డిని, చేపల్ని, పక్షుల్ని కొలుస్తూ వచ్చింది. గేదెలు లేకపోయేసరికి పాస్పలం అనే గడ్డి పెరిగి, విరగబడి, నీటిని కప్పేసింది. బాతులకు తేలడానికి తెరిపి నీరు తగ్గింది. ఏటా కొలిచిన అంకెలు ఆ దిశే చూపించాయి. గేదెలు చేస్తున్న పనిని ఎవరో ఒకరు చేయాల్సిందేనని, గడ్డిని అదుపు చేయాలని బృందం రాసింది. తమ వర్గపు నమ్మకానికి ఎదురుగా ఉన్న ఫలితాన్ని తొక్కిపట్టకుండా రాసిన ఆ నిజాయితీ, పదేళ్ల కొలత మీద నిలబడింది కాబట్టే ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. ప్రాణాలు పోకముందే ఆ కొలతలు ఉండి ఉంటే ఎంత బాగుండేది అని బాధ కలుగుతుంది.

కొల్లేటికి తిరిగి వస్తే, ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. పక్షులకు ఉన్నట్టు చేపలకు ఊరూరా జనం కలిసి ఏటా చేసే లెక్క లేదు. కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, జెల్ల లాంటి నాటు చేపల్ని గురించి అడిగితే తాటి దోనె మీద పెరిగిన పెద్దవాళ్లు ఏ నెలలో ఏది ఎక్కడ దొరికేదో, ఏది ఎప్పటి నుంచి కనపడటం లేదో చెబుతారు. సంతలో బొచ్చెలు, ఫంగస్ చేపలు గుట్టలుగా పోసిన పక్కన చిన్న తట్టలో నాటు చేపలు ఎన్ని వచ్చాయో రోజూ రాసేవాడు ఒక్కడుంటే, అది పక్షుల పట్టికకు సమానమైన పట్టిక అవుతుంది. దానికి టెలిస్కోపు కూడా అక్కర్లేదు. సంతలో కూర్చునే ఓపిక చాలు.

తెలుగు నేలంతా చెరువుల నేల. పాకాల, లక్నవరం, రామప్ప లాంటివాటి సంగతి వేరు. పేరు కూడా జిల్లా దాటని ఊరి చెరువులు వేలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చిన్న చెరువే అయినా అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడుతున్నాయి. నెల్లూరు వైపు నేలపట్టులో నీట నిలిచిన కడప చెట్ల మీద పక్షులు వాలితే, ఆ రెట్టలతో బలిసిన చెరువు నీరు చేలకు పారి ఎరువవుతుందని రైతులు వాటిని చల్లగా చూసుకుంటారు. మన ఊరి చెరువులో ఏముందో మాత్రం చాలాచోట్ల ఎవరూ రాయలేదు.

కాబట్టి ఈ వ్యాసం చదివినవారిని ఒకటి అడుగుతాను. వచ్చే జనవరి రెండో, మూడో వారంలో ఒక ఉదయం మీకు దగ్గరున్న చెరువు గట్టుకు వెళ్లండి. మీ జిల్లాలో గణన నడిపేవారిని అటవీ శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఈబర్డ్ యాప్‌లో నమోదు చేసేవారూ చాలామంది ఉన్నారు. బైనాక్యులర్ లేకపోతే కొంగలు, నీటికాకులు, నీలిబొల్లికోళ్ల వరకే చూడండి, అవి మామూలు కంటికే ఆనతాయి. మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నిలబడిన చోటు రాయండి. పోల్చుకోలేనిదాన్ని గుర్తించని పక్షి అనే రాయండి. ఏమీ లేకపోతే సున్నా రాయండి. మరుసటి ఏడు అదే చోటికి, అదే వేళకు మళ్లీ వెళ్లండి.